ఏరి పెట్టిన వాగ్దానం

మంగళవారం ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది. మా సండే స్కూల్ ఆంటీ తెల్లవారుజామున ప్రభువులో నిద్రించారని వాళ్ళాయన చెప్పారు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం: ఆదివారం పిల్లలకు ఏం చెప్పాలి?

హౌగాంగ్‌లో వాళ్ళ ఫ్లాట్ హాల్లోనే మా తెలుగు పిల్లలకు క్లాసు. వై టూ కే కంప్యూటర్ పని మీద మేం సింగపూర్ వచ్చిన కొత్తలో మా అమ్మాయిని అక్కడ దింపి వచ్చేదాన్ని. కొన్నాళ్ళకు ఆవిడ నన్నూ సాయానికి కూర్చోబెట్టుకున్నారు. ఎనిమిదిమంది పిల్లలు. ఆవిడ తెలుగులో అడిగితే వాళ్ళు ఇంగ్లీషులో జవాబిచ్చేవారు, ఆవిడేమీ అనుకునేవారు కాదు. కథ వారానికొకటి మారినా పాఠం మాత్రం ఒకటే. దేవుడు మాట ఇస్తే తప్పడు, ఆలస్యమైనా కనిపెట్టుకుని ఉండాలి.

ఆవిడ కూడా పిల్లలకు ఊరికే మాట ఇచ్చేవారు కాదు. మా అమ్మాయికి ఒంట్లో బాగోనప్పుడు శనివారం జంతికలు తెస్తానన్నారు. ఆ రోజు కుండపోత వాన. రెండు బస్సులు మారి, ఆంగ్ మో కియోలో మా గుమ్మం ముందు నిలువునా తడిసి నిలబడ్డారు. డబ్బా మాత్రం పొడిగా ఉంది. ఫోన్ చేస్తే సరిపోయేది కదా ఆంటీ అని కోప్పడ్డాను.

"మనం మాట తప్పితే, పిల్లలు దేవుణ్ణీ అలాగే అనుకుంటారమ్మా" అని, తుడుచుకోవడానికి తువ్వాలు అడిగారు.

కొత్త సంవత్సరంలో మన సంఘాల్లో పెట్టెలోంచి వాగ్దాన కార్డులు తీయడం మీకు తెలిసిందే. చేతికి ఏ బైబిలు వాక్యం వస్తే అది ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. ఈ జనవరిలో ఆంటీ కేన్సరుతో ఆస్పత్రిలో ఉన్నారు. పిల్లలు తమ కార్డులు తీసుకున్నాక ఆంటీకి కూడా తీద్దామని పట్టుబట్టారు. ఏ శ్రమల వాక్యమో వస్తే పిల్లలు బెదిరిపోతారని, నా బుద్ధి గడ్డి తిని, లోపలికెళ్ళి స్వస్థత కార్డులు మాత్రమే పెట్టెలో ఉంచి తెచ్చాను. మా అమ్మాయి తీసి చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ కార్డు పట్టుకెళ్ళి, ఏదో ఘనకార్యం చేసినట్టు కార్డులు ఏరిన సంగతి నేనే ఆంటీకి చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"దేవుడి నోట్లో నీ మాట పెట్టావా అమ్మా? పిల్లలకు నువ్వే చెప్పు. నేనుండగానే చెప్పు."

తప్పకుండా చెప్తానన్నాను. ఆ వారం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ అన్నాను. పై వారం పిల్లలకు పరీక్షలన్నాను. అసలు సంగతి, వాళ్ళు కళ్ళు గట్టిగా మూసుకుని ఆంటీ కోసం ప్రార్థిస్తుంటే నేనూ వాళ్ళతో ఆమెన్ అనేసి వచ్చేసేదాన్ని. ఆస్పత్రికి వెళ్ళినప్పుడల్లా చెప్పావా అని ఆంటీ అడిగేవారు. ఆఖరుసారి అడగలేదు. నా చెయ్యి పట్టుకున్నారంతే. అడిగితే బాగుండేది.

మొన్న ఆదివారం అదే హాల్లో పిల్లలు కింద కూర్చున్నారు. దేవుడు ప్రామిస్ చేశాడు కదమ్మా, మరి ఎందుకు పోయారు అని మా అమ్మాయే అడిగింది. మొత్తం చెప్పేశాను. కార్డులు ఏరింది నేనని, ఆంటీ చెప్పమన్నా చెప్పలేదని.

ఎవరూ ఏడవలేదు. అందరికంటే చిన్నది, ఐదేళ్ళది, లేచి వచ్చి, బైబిల్లోంచి తన వాగ్దాన కార్డు తీసి చూపించింది.

"ఆంటీ, మైన్ ఆల్సో యూ పుట్ ఆహ్?"

లేదు నాన్నా, నీది నువ్వే తీశావు, నేను ముట్టుకోలేదు అన్నాను. అది నిజం. ఒట్టు అని కూడా అన్నాను. ఆ చిన్నది నా మొహంలోకి చూసి, కార్డు నా ఒళ్ళో పెట్టి వెళ్ళి కూర్చుంది. తర్వాత మా అమ్మాయి లేచింది, చేతిలో తన కార్డుతో.