దరఖాస్తులో రాసిన ఆగస్టు

మొన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర, మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, విదేశంలో మాస్టర్స్‌కి ఈ డిసెంబరులోనే అప్లై చేయమంటారా, ఇంకో ఏడాది అనుభవం వచ్చాక చేయమంటారా అని బల్ల చుట్టూ ఉన్న అందరినీ వరసగా అడిగింది. తలా ఒక సలహా ఇచ్చారు. నా వంతు వచ్చేసరికి డబ్బా కడుక్కొస్తానని లేచి, కుళాయి దగ్గర అవసరానికి మించి చాలాసేపు నిలబడ్డాను. సలహా తెలియక కాదు, ఆ ప్రశ్నతో మూడేళ్లు కాపురం చేసినదాన్ని నేను.

శంషాబాద్‌కు ఎయిర్‌పోర్టు వచ్చిన కొత్తల్లో, మా చుట్టుపక్కల ఊళ్లలో చదువుకున్న పిల్లలందరికీ అక్కడ ఏదో ఒక పని దొరుకుతుందని ఆశ ఉండేది. నాకు ఇంజినీరింగ్ అయిపోయిన ఏడు, అంటే 2009లో, ప్రయాణికులకు దారి చెప్పే కౌంటర్లో దొరికింది. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో విమానం ఎక్కే మనిషి ఒక్కరైతే సాగనంపే చుట్టాలు జీపు నిండా దిగేవారు, ఏడ్చేవాళ్లు ఏడుస్తుంటే ఫొటోలు తీసేవాళ్లు తీస్తుండేవారు. రోజంతా వాళ్లకు ఏ గేటో ఏ వరసో చెప్పి ఇంటికి వచ్చేదాన్నే గానీ, నా మనసు మాత్రం ఆ వరసలోనే నిలబడి ఉండేది. నేను చదివింది సివిల్. అత్తాపూర్ మీదుగా స్తంభాల మీద లేచిన ఆ పొడవాటి రోడ్డును బస్సు కిటికీలోంచి చూసిన ప్రతిసారీ, వంతెనల మీద పై చదువు చదవాలని, అదీ దూరం పోయి చదవాలని గట్టిగా అనిపించేది.

సరిగ్గా ఆ ఏడే బాపుకు మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు అత్తాపూర్‌లో ఉన్న దవాఖానకు డయాలసిస్‌కు తీసుకుపోవాలి. మేమిద్దరం పొద్దున్నే బస్సెక్కితే, గగన్‌పహాడ్ దాటేదాకా ఆయన కిటికీలోంచి ఎవరి చేలో ఏం వేశారో చెబుతూ వచ్చేవాడు, ఆ తర్వాత చేలు కనబడక ఊరుకునేవాడు. ఇంట్లో నేనొక్కదాన్నే సంతానం, అమ్మకు అక్షరం రాదు, చీటీలన్నీ ఇంగ్లీషులో. నాలుగు గంటలు ఆయన లోపల మిషను పక్కన పడుకుంటే, నేను బయట బెంచీ మీద పరీక్షకు ఇంగ్లీషు మాటలు బట్టీ పట్టేదాన్ని. పరీక్ష బాగానే రాశాను. ఎప్పుడు అప్లై చేయాలన్నదే తేలేది కాదు. ఆ డిసెంబరు కాదనుకున్నాను, మరుసటి డిసెంబరూ కాదనుకున్నాను, బాపు కాస్త కోలుకున్నాక చూద్దామని.

కోలుకోవడం ఉండదని 2011లో డాక్టరు నన్ను ఒక్కదాన్నే పిలిచి చెప్పాడు. గుండె కూడా బలహీనపడిందని, ఏడాది దాటడం కష్టమని అన్నాడు. బస్టాపుకు వచ్చేలోపు నా బుర్రలో ఒక లెక్క దానంతట అదే పడిపోయింది. డిసెంబరులో దరఖాస్తు పంపితే క్లాసులు వచ్చే ఆగస్టులో మొదలవుతాయి, అప్పటికి... ఆ తర్వాతి మాట మనసులో కూడా పలకలేదు. పలకకపోయినా లెక్క లెక్కే. నాకంటూ ఎప్పుడు వీలవుతుందని చూడడమంటే బాపు ఎప్పుడు పోతాడని చూడడమే, ఈ మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

కౌంటర్లో నా పక్కన కోస్తా నుంచి వచ్చిన ఒక అక్క పనిచేసేది. ఇల్లన్నాక ఏదో ఒకటి ఉంటూనే ఉంటుందని, ఈ డిసెంబరు దాటనిస్తే ఊరుకోనని నా వెంట పడింది. ఒకరోజు ఇంటి అరుగు మీద నిలబడి ఆమెతో ఫోన్‌లో మాట్లాడుతూ, "లాస్ట్ డేట్ డిసెంబర్ పదిహేనే అక్కా, బాపుకు ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు" అన్నాను. వెనక గదిలో బాపు మేలుకునే ఉన్నాడని నాకు తెలియదు. ఆయనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో కరెంటు బిల్లు పుణ్యమా అని లాస్ట్ డేట్ కూడా ఒకటని అసలే తట్టలేదు.

ఆ మర్నాటి నుంచి బాపు వరస మారింది. మేనత్తకు కబురు పెట్టి పిలిపించుకుని ఇద్దరూ చిన్ననాటి కబుర్లు చెప్పుకున్నారు. కర్ర పట్టుకుని మెల్లగా చేనికి నడిచి హద్దురాళ్లు ఎక్కడెక్కడున్నాయో అమ్మకు చూపించాడు. మనిషి హుషారయ్యాడని నేను వెర్రిదానిలా సంబరపడ్డాను. రోజుకు మూడు గ్లాసులకు మించి నీళ్లు తాగకూడని మనిషి, ఒక మధ్యాహ్నం చెంబెడు మజ్జిగ, దాని మీద చెంబెడు నీళ్లు తాగేశాడు. తెల్లారేసరికి ఆయాసంతో మంచం మీద కూర్చోలేకపోతుంటే ఆటోలో దవాఖానకు పరుగెత్తాం.

గండం గడిచి, మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాక ఆయన్ని గట్టిగా కోప్పడ్డాను. బాపు కోపం తెచ్చుకోలేదు. "నా లాస్ట్ డేట్ నీకు చెప్పిన్రు గద బిడ్డా. పదిహేను తారీకుకు పోయెటోడు ఇగ నీళ్లకు మొఖం వాసి ఉండుడెందుకు? జర కడుపునిండ తాగుదామనుకున్న" అన్నాడు.

అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది, అర్థమయ్యాక నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అది నీది కాదు బాపూ, నా చదువు దరఖాస్తుదని విడమరిచి చెప్పాను. ఆయనా నవ్వాడు, వార్డు నర్సు వచ్చి గదమాయించేదాకా నవ్వాడు. తర్వాత కండువాతో కళ్లు తుడుచుకుని, అది పంపితే మరి పోవుడెన్నడని అడిగాడు. ఆగస్టు అన్నాను. బాపు వేళ్ల గీతల మీద బొటనవేలు జరుపుతూ నెలలు లెక్కపెట్టుకున్నాడు.

"ఎనిమిది నెలలు. సాలు తియ్యి."

డాక్టరు నాతో ఏం చెప్పాడో ఆయనకు ఎవరూ చెప్పలేదు, నేను ఏ లెక్క వేశానో అంతకన్నా చెప్పలేదు. అయినా ఆ మాటలో రెండూ ఉన్నాయి. పద్నాలుగో తేదీన దరఖాస్తు పంపాను.

అప్పటి నుంచి బాపు మూడు గ్లాసులకు మించి చుక్క ముట్టలేదు. మార్చిలో సీటు వచ్చిందని ఉత్తరం వస్తే ముందు ఇంగ్లీషులో చదివించుకుని, తర్వాత తెలుగులో చెప్పించుకుని, వచ్చినవాళ్లందరికీ వంతెనలు కట్టే చదువని తనే చెప్పుకున్నాడు. మే నెలలో నడక ఆగింది. జూన్ మొదట్లో, మిరుగు, అదే మృగశిర కార్తె ఇంకా రాకముందే వెళ్లిపోయాడు. ఆగస్టుకు ఇంకా రెండు నెలలున్నాయి. నా లెక్క తప్పలేదు.

దినాలయ్యాక అమ్మ, మేనత్త, కౌంటర్లోని అక్క అందరూ పొమ్మనే అన్నారు. "నా గురించి ఫికర్ చెయ్యకు, మీ అత్త ఉన్నది, పోయి రా" అని అమ్మ సంచి కూడా దులిపి పెట్టింది. వీసా ఇంటర్వ్యూకు రమ్మన్న రోజున నేను ఎప్పటిలాగే డ్యూటీకి వెళ్లి కౌంటర్లో కూర్చున్నాను. అమ్మ కోసం ఆగిపోయానని ఊరంతా మెచ్చుకుంటే కాదనలేదు. అసలు సంగతి వేరు. ఆ ఆగస్టులో నేను విమానం ఎక్కితే బాపు నా దారికి అడ్డం లేకుండా తప్పుకున్నట్టవుతుంది, నేను దానికి సరేనన్నట్టవుతుంది. ఆ తర్వాతి డిసెంబరుల్లోనూ దరఖాస్తు తెరిచినప్పుడల్లా చేరే నెల దగ్గర చెయ్యి ఆగిపోయేది.

ఇప్పుడు డయాలసిస్‌కు అంత దూరం పోనక్కర్లేదు, శంషాబాద్‌లోనే చేస్తున్నారు. గగన్‌పహాడ్ దాకా చెప్పుకోవడానికి చేలూ పెద్దగా మిగల్లేదు. ఇప్పటి పిల్లలు తండ్రి జబ్బు గురించీ తమ చదువు గురించీ తండ్రి ఎదుటే కూర్చుని మాట్లాడుకోవడం చూస్తే మొదట్లో నాకు కటువుగా అనిపించేది. మా ఇళ్లలో చెప్పకుండానే అర్థం చేసుకునేవాళ్లం, అదే ప్రేమ అనుకునేవాళ్లం. ఇప్పుడు వాళ్లను చూస్తే అసూయగా ఉంటుంది. సాలు తియ్యి అని బాపు అన్నప్పుడు, సాలదు బాపూ, నేను వచ్చే ఏడు పంపుతాలే అని ఒక్క మాట అనవలసింది. నిజంగా ఆగకపోయినా సరే, అనవలసింది. ఆయన నా ముఖంలోకి చూస్తూ కాసేపు ఎదురుచూశాడు కూడా. నేను తల వంచుకుని మందుల చీటీ చదువుతూ కూర్చున్నాను.