పై వాటా, పగటి నిద్ర

పగలు నిద్రపోయే మనిషిని కట్టుకుంటే సగం బతుకు పక్కవాళ్ళ నోళ్ళు మూయించడంతోనే గడిచిపోతుంది. మా ఆయన తిరుమలరావు బిలాస్‌పూర్ రైల్వేలో గూడ్సు డ్రైవరు. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు. పేరేదైనా పని మాత్రం అదే. ఊరు పడుకున్నప్పుడు బొగ్గుబండి నడపాలి, ఊరు లేచాక వచ్చి పడుకోవాలి. ఆ పగటి నిద్ర చెడితే రాత్రి సిగ్నల్ దగ్గర కళ్ళు మోసం చేస్తాయి. ఒకసారి ఆఫీసర్లు డ్రైవర్ల భార్యలందరినీ హాల్లో కూర్చోబెట్టి, మీ ఆయన నిద్ర బాధ్యత మీదేనమ్మా అని చెప్పారు. టీ, సమోసా కూడా పెట్టారు. సమోసా మాట మరిచిపోయినా నిద్ర మాట మాత్రం నేను మరిచిపోలేదు.

రైల్వే కాలనీలో ఉన్నన్నాళ్ళూ ఆ బాధ్యత నాకు బరువనిపించలేదు. గుమ్మం బయట డ్యూటీ బూట్లు కనిపిస్తే లోపల డ్రైవరు పడుకున్నాడని అందరికీ తెలుసు. పిల్లలు బంతి తీసుకుని పక్క వీధికి పోయేవారు. కూరలబండివాడు కూడా గొంతు తగ్గించేవాడు. ఎవరికీ ఎవరూ నేర్పింది కాదు, ప్రతి ఇంట్లోనూ అలాంటి మనిషి ఒకరుండేవారు.

తరవాత ఊరి చివర మోప్కాలో మా సొంత ఇల్లు లేచింది. రిటైరయ్యాక ఎలాగూ క్వార్టరు వదలాల్సిందే కదా అని ముందే వచ్చేశాం. కింద మేము, పై వాటా అద్దెకి. అప్పు తీరాలంటే తప్పదు. మా పుట్టింటి వైపు గానీ అత్తింటి వైపు గానీ ఇంతకు ముందు ఇంటి ఓనర్లయినవాళ్ళు ఒక్కరూ లేరు. మా నాన్న, మా మామగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి క్వార్టర్లలోనే బతికి, క్వార్టర్లలోనే రిటైరయ్యారు. అద్దెకున్నవాళ్ళతో ఎలా మాట్లాడాలో నాకెవరు నేర్పుతారు?

వెతికి వెతికి రాజేంద్ర సాహూకి ఇచ్చాం. తఖత్‌పూర్ వాళ్ళు. అతను బడిపంతులు, పొద్దున్నే వెళ్ళిపోతాడు. పెళ్ళాం దుర్గేశ్వరి ఒక్కతే ఉంటుంది. పిల్లలు లేరు. ఇక సద్దెక్కడిది అనుకున్నాం. మిగతా ఓనర్లు మాంసం వండకూడదు, చుట్టాలు ఎక్కువ రాకూడదు అంటారట. నేను పెట్టిన షరతు ఒక్కటే, పగలు చప్పుడు చేయకూడదని. వాళ్ళతో మా మాటలన్నీ హిందీలోనే. "అంకుల్‌జీ నైట్ వాచ్‌మనా ఆంటీజీ?" అంటూ ఆ అమ్మాయి నవ్వింది. నాకు ఒళ్ళు మండింది గానీ, నవ్వు ముఖం చూసి తాళాలు ఇచ్చేశాను.

దిగిన వారానికే తెలిసింది, శ్లాబు కింద పడుకునేవాడికి పై ఇంటి బతుకంతా వినిపిస్తుందని. కుర్చీ జరిపితే మా నెత్తిన జరిపినట్టే. ఆ పిల్ల చట్నీ మిక్సీలో వేయదు, నేల మీద రాయి పెట్టుకుని నూరుతుంది. అదీ సరిగ్గా మా మంచం పైన. నేను మెట్లెక్కి చెబితే, "అయ్యో, మాఫ్ కర్‌నా ఆంటీజీ" అంటూ చెవులు పట్టుకునేది. రెండ్రోజులు ఇల్లు నిశ్శబ్దం. మూడో రోజు మళ్ళీ గరగర. వాళ్ళ కుర్చీ కాళ్ళకి రబ్బరు తొడుగులు నేనే కొనుక్కొచ్చి వేశాను. అద్దెకిచ్చినవాళ్ళెవరైనా ఇంత వెర్రిపని చేస్తారా?

వాటాలు మార్చుకుని మనమే పైకి వెళ్ళిపోదామని కూడా చూశాం. వైశాఖంలో వాళ్ళు ఊరెళ్ళినప్పుడు, వాళ్ళకి చెప్పి ఒక్క మధ్యాహ్నం పై గదిలో పడుకుని మా ఆయన తడిసి ముద్దయి దిగారు. బిలాస్‌పూర్ ఎండకి ఆ శ్లాబు కింద కూలర్ కూడా వేడిగాలే కొడుతుంది. ఆఖరికి వాళ్ళని ఖాళీ చేయించడమే దారి అనుకున్నాం.

"నువ్వే సెప్పు. నాకు నోరు రాదు" అన్నారాయన.

"బండెడు బొగ్గు లాగుతారు, ఒక్క మాట లాగలేరేటి?" అని విసుక్కుంటూ మెట్లెక్కాను. దారిలో మాటలు పేర్చుకున్నాను కూడా. మా చుట్టాలొస్తున్నారమ్మా, రెండు నెలలు టైమిస్తాం, ఇలా. తలుపు తీయగానే దుర్గేశ్వరి నా నోట్లో దూద్‌పేడా కుక్కింది. ఐదో నెలట. పెళ్ళయిన చాన్నాళ్ళకి నిలిచిందట. వంగి నా కాళ్ళకి దండం పెట్టింది.

కడుపుతో ఉన్న మనిషిని ఇల్లు మారమని మావాళ్ళెవరూ అనరు. సొంతింటివాళ్ళే ఆ నెలల్లో ఇల్లు మారరు. అలాంటిది పరాయి పిల్లని గుమ్మం దాటించి ఆ ఉసురు నేనెలా పోసుకోను? నోట్లో పేడాతో కిందికి దిగి వచ్చాను.

"సెప్పేవా?" అని మంచం మీంచే అడిగారు మా ఆయన.

"ఇదిగో, మీక్కూడా ఇచ్చింది. తినండి."

ఆయన పేడా వైపు చూశారు, నా వైపు చూశారు. విషయం అర్థమై, "అయితే ఇంకేటి సేస్తాం" అని గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆడపిల్ల పుట్టింది. పుట్టిన నాటి నుంచీ రాత్రిపూట కాస్త నయం, పొద్దెక్కాక మొదలుపెట్టేది ఏడుపు. కడుపునొప్పో, దిష్టో, ఆ పిల్లకే తెలియాలి. కుర్చీకి తొడుగు వేయగలను, పసిపిల్ల నోటికి ఏం వేయను? మా ఆయన చెవుల్లో దూది పెట్టుకున్నారు, తల మీద దిండు పెట్టుకున్నారు. కళ్ళ కింద నల్లగా అయిపోయింది. డ్యూటీకి బయల్దేరితే సందు మలుపు తిరిగేదాకా చూస్తూ గుమ్మంలోనే నిలబడేదాన్ని. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన ఒక్క ఎర్ర సిగ్నల్ దాటింది లేదు. దాటితే ఉద్యోగం సంగతి తరవాత, ఎదుటి బండిలో ఎంతమంది ఉంటారో ఎవరికి తెలుసు?

ఒక సాయంత్రం డ్యూటీకని వెళ్ళిన మనిషి వెంటనే తిరిగొచ్చేశారు. సంచీ కింద పెట్టకుండా గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఏటయిందండీ?" అన్నాను.

"ఏటీ కాలేదు. కాకముందే ఒచ్చీసినాను. సంతకం పెడదామంటే కాయితం మీద గీతలు రెండేసి కనిపించినాయే. నిద్దర లేదు సార్, బండి ఎక్కనని సెప్పేసినాను" అన్నారు. "కుర్ర డ్రైవర్లందరూ సూస్తన్నారు. నా బండి ఇంకోడు తీసుకెళ్ళినాడు."

ఆయన ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. బూట్లు విప్పడానికి వంగి, అలాగే కూర్చుండిపోయారు. అదే సమయానికి పైన పిల్ల అందుకుంది.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఉసురూ లేదు, పాపమూ లేదు, ఇవాళ తేల్చేస్తానని మెట్లన్నీ దడదడా ఎక్కి తలుపు బాదాను. దుర్గేశ్వరి తీసింది. మొగుడు ఇంకా ఇల్లు చేరలేదు. జుట్టు దువ్వుకోలేదు, జాకెట్టు పాలతో తడిసిపోయి ఉంది. కళ్ళు మా ఆయన కళ్ళలాగే ఎర్రగా ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపే, "ఒక్క గంట పట్టుకోండి ఆంటీజీ, నిలబడితే పడిపోతున్నాను" అని పిల్లని నా చేతుల్లో పెట్టేసింది. పెట్టి, అక్కడే గోడకి జారబడి కళ్ళు మూసుకుంది. ఇంక ఎవరిని ఖాళీ చేయమనను?

పిల్లని భుజాన వేసుకుని వీధిలోకి వచ్చాను. నడుస్తుంటే ఏడుపు ఆగింది. నిలబడితే మళ్ళీ మొదలెట్టింది. సరే నడిచాను. సందు చివరిదాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, మళ్ళీ వెళ్ళి. ఇంటికొచ్చేసరికి పైన తల్లి నిద్రపోతోంది, కింద మా ఆయన గురక పెడుతున్నారు. ఆ గురక విని నాకు ఏడుపొచ్చింది.

అప్పటి నుంచీ ఇదే నా పని. ఆయన డ్యూటీ దిగి పడుకోగానే పైకి వెళ్ళి పిల్లని తెచ్చుకుంటాను. ఎండైతే గొడుగు, వానైతే పక్కవాళ్ళ వరండా. ఆయన కళ్ళు తేటపడ్డాయి, మళ్ళీ బండి ఎక్కుతున్నారు. దుర్గేశ్వరి ముఖానికి మళ్ళీ రక్తం పట్టింది. నాకు మాత్రం మోకాళ్ళు వాచాయి, కూర్చున్న చోటే కునుకు పడుతోంది. అద్దెకున్నవాళ్ళ వల్ల ఇంటికి కాస్త ఆసరా అవుతుందనుకున్నాను గానీ, వాళ్ళకి నేనే ఆసరా అవుతానని ఎవరనుకున్నారు?

నిన్న సందు చివర కొత్తగా దిగినావిడ గేటు దగ్గర నిలబడి నన్ను చూస్తోంది. నా చీర చెమటకి వీపుకి అంటుకుపోయింది. భుజం మీద పిల్ల అప్పుడే నిద్రలోకి జారుతోంది.

"ఏ బాయీ, ఆ మేడింట్లోనేనా నువ్వు పనిచేసేది?" అని పిలిచింది. "మా బాబుని కూడా చూసిపెడతావా? వాళ్ళిచ్చేదానికంటే ఎక్కువే ఇస్తాను."

ఆ మేడ నాదేనమ్మా, దాని ఓనర్నే నేను అని నోటి దాకా వచ్చింది. గట్టిగా అంటే పిల్ల లేస్తుంది.

"తీరిక లేదమ్మా" అని మెల్లిగా చెప్పి ముందుకి నడిచాను.