ఆగకు కూలోడా

ఏడో తరగతి రెండుసార్లు చదివాను కనుక నాది పద్నాలుగో తరగతి చదువని చెప్పుకుని తిరిగిన రోజులవి. ఆ చదువుకు తగ్గ ఉద్యోగమే దొరికింది: ముంబయి వర్లిలో కడుతున్న ఒక బిల్డింగు దగ్గర, కాంక్రీటు తట్టలను పైకి మోసే లిఫ్టుకు బటన్ నొక్కడం. పచ్చది నొక్కితే పైకి, ఎర్రది నొక్కితే కిందికి. (మొదటి వారం అదీ తారుమారు చేశాను.) నా అసలు కొలువు మాత్రం ఒక పాటగాడి భక్తుడిగా ఉండటం. ఆయన తానే రాసి తానే పాడిన ఆల్బమ్, మొత్తం కూలీల బతుకు మీదే, ఫోన్లో పెట్టుకుని, దానికో చిన్న స్పీకరు తగిలించి, కామాఠిపురాలో ఒంటిగది ఇళ్ల మా చాల్ అంతటికీ వినిపించేవాణ్ణి. మా తాతలు ఇటుకలు మోసి కట్టిన ఊళ్లో మా గురించి పాడేవాడు ఒక్కడైనా దొరికాడని, ఆ పాటలు విన్న ప్రతిసారీ ఏడ్చేవాణ్ణి. "వీని కండ్లల్ల నల్లా ఖరాబైంది, బంద్ అయితలేదు" అనేది మా నాయనమ్మ.

అందులో ఒక పాట యజమాని గొంతుతో సాగుతుంది. "ఆగకు కూలోడా, ఆగకు" అని పల్లవి. "ఆగితే నీకు ఆకలి గుర్తొస్తది" అని చరణం. వింటే ఒళ్లు మండాలి. మా మేస్త్రీకి మండలేదు. ముంబయిలో పుట్టి మరాఠీ బడిలో చదివిన ఆ మహానుభావుడి తెలుగు పల్లవి దాకే వచ్చి ఆగిపోయింది. స్లాబు పోసే రోజున నా స్పీకరు లాక్కుని, అదే పాట మళ్లీ మళ్లీ మోగేలా పెట్టించి, "గానా ఏమంటుంది? ఆగొద్దంటుంది! చలో చలో!" అంటూ, వంతులవారీగా తిండికి వదలడం కూడా మానేశాడు. మధ్యాహ్నం రెండు దాటింది. మా దేవుడి పాటను పట్టుకుని కొరడా చేశాడు! ఇప్పటికీ తలచుకుంటే పళ్లు పటపటలాడతాయి (మిగిలినవి).

లిఫ్టును పైనే వదిలేసి లేచాను. "మేస్త్రీ, అది వ్యంగ్యం!" అని అరిచాను.

"వ్యంగ్యమా? ఏ కంపెనీది?" అన్నాడు.

అంతే, నాకు పూనకం వచ్చింది. ఒక్కో చరణానికీ అర్థం చెబుతూ, ఆకలి గురించి, నెత్తిన బరువు గురించి, మెడ నరాల గురించి తెలుగులో మొదలుపెట్టి, హిందీలోకి దిగి, మరాఠీ తిట్లలో తేలాను. మిక్సరు నడిపేవాడు మిషను ఆపి మరీ విన్నాడు. చివరికి మేస్త్రీ చేతులెత్తేశాడు. "బస్ రే బాబా! ఇద్దరిద్దరు పోయి తినుండ్రి. నువ్వు ముందు లిఫ్టు దించు."

గెలిచాను. మొదటి వంతులో, పాలమూరు నుంచి వచ్చిన అత్త (సైటు మొత్తానికి అత్తే) నా స్టూలు పక్కనే కూర్చుని డబ్బా విప్పింది. ఛాతీ పొంగించుకుని, ఆమె దండం పెడుతుందేమోనని ఎదురుచూసిన అప్పటి నాలోని పిల్లవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపిస్తుంది. "ఎట్లుండె అత్తా? మీ కష్టమంత జెప్పిన గదా?" అన్నాను.

ఆమె మెడ రుద్దుకుంది. "మంచిగనే జెప్పినవ్ కొడుకా. నువ్వు జెప్పినంత సేపు నీ లిఫ్టు పైననే ఆగి ఉండె, నా తట్ట నెత్తి మీదనే ఉండె. దించితే మళ్ల ఎత్తేటోళ్లు లేకపాయె. ఇంకోసారి మా కష్టం జర జల్ది జెప్పు."