నానమ్మ ప్రార్థన ఆగిపోయిన ఎండాకాలం

మా చిన్నప్పుడు... ఈ మాటంటే మా ఇంట్లో నవ్వుతారు. నాకింకా పందొమ్మిదేళ్ళే కదా మరి. కానీ నా చిన్నతనం కరోనా రెండోసారి వచ్చిన ఆ ఎండాకాలంతోనే అయిపోయింది...

లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. డాడీ వర్క్‌షాప్‌లో ఫిట్టర్. చర్చి గేటుకు తాళం పడింది కాబట్టి ఆదివారం ఆరాధన ఫోన్‌లోనే. ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి పెట్టేవాళ్ళం. అయినా నానమ్మ తలస్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, కొంగు తలమీద కప్పుకుని కూర్చునేది.

మిగతా రోజుల్లో ఆ ఫోన్ నానమ్మదే. "వందనాలు అమ్మగారూ, మా ఆయనకు జ్వరం... మా బిడ్డకు బెడ్ దొరకలేదు... ప్రార్థన చెయ్యండి" అని పొద్దుటినుంచీ ఎవరో ఒకరు ఫోన్ చేసేవారు. నానమ్మ విసుక్కోకుండా అందరికీ ప్రార్థన చేసేది. సాయంత్రమైతే వరండాలో కూర్చుని పాట అందుకునేది. సన్నటి గొంతు... వీధి చివరిదాకా వినిపించేది.

మా బాబాయి స్కూల్ వ్యాన్ నడిపేవాడు. స్కూళ్ళు మూసేశాక అదే వ్యాన్‌లో పేషెంట్లను ఆసుపత్రులకు తీసుకెళ్ళేవాడు. అమ్మ వద్దంటే, "ఎవరో ఒకరు పోవాలె కదా వదినా" అనేవాడు.

తర్వాత ఆ జ్వరం బాబాయికే వచ్చింది. మూడు ఆసుపత్రులు తిరిగాక నాలుగోచోట బెడ్ దొరికింది. ఆ వారమంతా నానమ్మ అన్నం ముట్టలేదు, మోకాళ్ళమీదే ఉంది...

ఆరోరోజు బాబాయి పోయాడు.

సమాధి దగ్గరికి డాడీ, ఇంకో ఇద్దరు మాత్రమే వెళ్ళారు. పాస్టర్‌గారు కూడా అప్పుడు మంచాన పడి ఉన్నారు. డాడీయే బైబిల్ తీసి చదివారట. నానమ్మను పంపలేదు. మా ఇంట్లోకి కూడా ఎవరూ రాలేదు. గేటు దగ్గర నిలబడి, చేతులు జోడించి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి నానమ్మ పాడలేదు. "ఎవరు ఫోన్ చేసినా నేను పండుకున్ననని చెప్పు" అంది నాతో. సాయంత్రం కుటుంబ ప్రార్థనకు మాతో పాటే కూర్చునేది. అమ్మ ప్రార్థన ముగించాక మేమందరం ఆమేన్ అనేవాళ్ళం. నానమ్మ అనేది కాదు. గోడవైపు చూస్తూ ఉండేది...

ఇలా ఇరవై రోజులు గడిచాయి.

ఒకరోజు మధ్యాహ్నం పక్క క్వార్టర్ శారద ఆంటీ మా గేటు దగ్గరికి వచ్చింది. వాళ్ళు హిందువులు. అంకుల్ కూడా డాడీతో పాటు వర్క్‌షాప్‌లోనే పనిచేసేవారు. అప్పటికి నాలుగు రోజులుగా ఆసుపత్రిలో ఉన్నారు.

"అమ్మా, ఆయనను ఆక్సిజన్ మీద పెట్టిన్రు. ఫోన్ల మాట్లాడొచ్చంట. జెర ప్రార్థన చేస్తరా?"

"నా కొడుకు కోసం రాత్రి పగలు చేసిన శారదా. ఏమైందో చూసినవ్ కదా. నన్నెందుకు అడుగుతున్నవ్?" అంది నానమ్మ.

"తెల్సే వచ్చినమ్మా. మా దేవుడికి నేను మొక్కుతనే ఉన్న. కానీ ఆయన మిమ్మల్నే అడుగుతుండు. అమ్మ పాట బంద్ అయిందని, దవాఖానకు పోకముందు సుత బాధపడ్డడు."

నానమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఫోన్ కలుపు బిడ్డా" అంది నాతో. ఆమె ప్రార్థన నాకు ఇప్పటికీ గుర్తుంది...

"ప్రభువా... నీతోని మాట్లాడక ఇరవై రోజులైంది. నీ మీద నాకు కోపమున్నది. గా కోపం మనిద్దరి మధ్యన ఉండని. ఈ బిడ్డకు ఊపిరి ఆడ్తలేదు. ఆయన దగ్గర కూసో. ఒక్కణ్ణి చెయ్యకు."

తర్వాత పాట మొదలుపెట్టింది. రెండు చరణాలు పాడి ఆపేసింది. అవతల ఆక్సిజన్ చప్పుడు వినిపించింది. దాని మధ్యలోంచి అంకుల్ గొంతు... "మంచిగున్నదమ్మా. రేపు సుత చెయ్యిన్రి."

అప్పటినుంచి రోజూ సాయంత్రం ఐదింటికి ఫోన్ కలిపేదాన్ని. తొమ్మిది రోజులు. పదోరోజు ఎవరూ ఎత్తలేదు. కొంతసేపటికి గోడ అవతలినుంచి ఆంటీ ఏడుపు వినిపించింది.

నానమ్మ లేచి చెప్పులు వేసుకుంది. డాడీ అడ్డుపడ్డారు. "అమ్మా, వద్దు. నీకు సుత అంటుకుంటే?"

"నా కొడుకు పోయిననాడు ఒక్కరు సుత గడప లోపటికి రాలే. ఎట్లుంటదో నాకు తెల్సు. పక్కకు జరుగు."

మాస్క్ పెట్టుకుని వెళ్ళి, వాళ్ళ వరండాలో ఆంటీ పక్కన కుర్చీ వేసుకుని చీకటిపడే వరకూ కూర్చుంది. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. "నా ప్రార్థన ఏం పనిచెయ్యలే శారదా" అంది నానమ్మ.

ఆంటీ తల అడ్డంగా ఊపింది. "గట్ల అనకున్రి. నర్సమ్మ చెప్పింది... రోజు మధ్యాహ్నం నుంచే, ఐదు ఎప్పుడైతది అని అడుగుతుండెనంట. ఆయన భయపడకుండ పోయిండమ్మా."

నానమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. అన్ని నెలల్లో ఇంట్లోవాళ్ళు కానివాళ్ళ చెయ్యి ఒకరు పట్టుకోవడం నేను చూసింది అప్పుడే.

ఆ మర్నాడు మా ఫోన్ మళ్ళీ మోగింది. ఎవరో తెలియనివాళ్ళు. నానమ్మే ఎత్తింది. బాబాయి సంగతి మాత్రం ఆమె చివరిదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. దేవుడి మీద కోపం పోయిందా అని అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు...

క్వార్టర్ ఖాళీ చేసి ఆంటీ యాప్రాల్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. నానమ్మ కిందటి ఏడాది పోయింది. ఆ సమాధి కార్యక్రమానికి బోలెడంత మంది వచ్చారు. భోజనాలు కూడా పెట్టాం. బాబాయికి అవేవీ దక్కలేదు కదా అని డాడీ అందరి వెనకాల నిలబడి ఏడ్చారు.

ఇప్పుడు చర్చి నిండుగా ఉంటుంది. కీబోర్డు, డ్రమ్స్... పాటలు బాగుంటాయి. ఆ ఎండాకాలం మాట మాత్రం ఎవరూ ఎత్తరు. అంతా బాగైపోయినట్టే ఉంటారు, నాతో సహా.

మీ ఇంట్లోనూ ఆ రోజుల్లో ఎవరైనా సరిగ్గా సాగనంపలేకపోయినవాళ్ళు ఉంటే... వాళ్ళ పేరు కింద కామెంట్‌లో రాయండి. నానమ్మలా ప్రార్థన చెయ్యడం నాకు రాదు. కానీ ఒక్కొక్కరి పేరూ పైకి చదువుతాను.