ఆ రోజు కోతిని నేనే

మా చిన్నప్పుడు... గద్వాలలో జాతర అయిపోయినా డేరా టాకీసు వాళ్లు పది రోజులు ఆగేవారు. ఆ ఏడు పెద్ద కోతి సినిమా తెచ్చారు. తాడిచెట్టంత కోతి. మాటలు ఇంగ్లీషువి. తెర పక్కన ఒకాయన కట్టె పట్టుకుని తెలుగులో చెప్పేవాడు.

"అడివిల నుంచి పట్కొచ్చిండ్రు, గొలుసులేసిండ్రు... ఇగ సూడుండ్రి."

నేనూ ఖాసిం తెరకు దగ్గరగా నేల మీద కూర్చున్నాం. ఖాసిం మా పక్కింటి వాడు. తల్లి లేదు, తండ్రి టాంగా తోలేవాడు. కోతి చేతులెత్తి గొలుసులు తెంపిన చోట నా ఒళ్లు ఝల్లుమంది...

మాది నేత ఇల్లు. మర్నాడు పొద్దున అమ్మా నాయనా వీధి పొడవునా పడుగు సాచి కట్టి, గంజి పెట్టి, కుంచెతో దువ్వారు. వందల నూలు పోగులు ఎండలో ఆరుతున్నాయి. "మేకలు రాకుండ జర సూస్తుండురా" అని నాయన అంబలి తాగడానికి లోపలికి పోయాడు.

నాకు అవి పోగుల్లా కనిపించలేదు. గొలుసుల్లా కనిపించాయి.

"నేను కోతిరా... నువ్వు పట్నపోళ్ల లెక్క ఉర్కు" అన్నాను ఖాసింతో.

"వద్దురా. మీ నాయన తోలు తీస్తడు."

వినలేదు. పడుగు కిందికి దూరి, మధ్యలో లేచి, రెండు చేతులూ పైకెత్తాను. టప టప టప...

ఖాసిం ఉరికొచ్చి తెగిన పోగులు జారిపోకుండా రెండు గుప్పిళ్లతో పట్టుకున్నాడు. నేను అరుగెక్కి కూర్చున్నాను. అప్పుడే నాయన బయటికి వచ్చాడు.

"వీడేనారా?" అని నన్ను అడిగాడు.

తల ఊపాను. అంతే... నాయన పోయి వాడి తండ్రికి చెప్పాడు.

ఖాసిం తండ్రి గుర్రాన్ని కూడా కొట్టని మనిషి. ఆ రోజు చర్నాకోల కొడుకు మీదికి లేచింది. దెబ్బలు తింటూ వాడు నా వైపు చూశాడు. నా పేరు చెప్పలేదు.

అమ్మ రెండు రోజులు కూర్చుని ఒక్కొక్క పోగు అతికింది. "తల్లి లేని పిల్లగాడు... వాళ్ల నాయనకు జెప్పకుంటే ఏం బోయేది" అని నాయనను తిట్టింది. పక్కనే ఉండి విన్నాను.

ఆఖరి ఆటకు ఖాసింను పిలిచాను.

"మా అబ్బా పోనియ్యడు. నువ్ పో" అన్నాడు. మళ్లీ తనే, "కోతి మేడ మీంచి పడేకాడ ఆ దినం నాకు నిద్రవట్టింది, నా కోసం మంచిగ జూసొచ్చి జెప్పు" అన్నాడు.

పోయాను. కోతి పడేటప్పుడు కళ్లు మూసుకున్నాను... వాడికి వచ్చి ఏదో కల్పించి చెప్పాను. నమ్మాడు.

ఇన్నేళ్లయినా ఆ కోతి పోలేదు. మొన్న మునిమనవడు ఫోనులో పెట్టుకుని చూస్తున్నాడు. "తాతా, కోతి ఏం తప్పు చేసింది, ఎందుకు చంపుతుండ్రు" అని అడిగాడు. ఎన్ని రంగుల బొమ్మలొచ్చినా పిల్లలు దాని వైపే ఎందుకుంటారో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు మా వీధిలో పడుగు సాచేవాళ్లు లేరు. నాయనా పోయాడు, ఖాసిమూ పోయాడు. ఆ పోగులు తెంపింది నేనని ఇవాళే రాస్తున్నాను... వినాల్సిన ఇద్దరూ లేరు.

మీ చిన్నప్పుడు మీకు పడాల్సిన దెబ్బలు తిన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఇక్కడ తర్వాత రాయండి. ముందు వాళ్లింటికి పోయి రండి...