చీటీ వెనుక గ్రీకు మాటలు

అరవైల చివర్లో నేను నిజామాబాద్‌లో పీయూసీ చదువుతూ, కంఠేశ్వర్‌లో ఒక గదిలో ఒంటరిగా ఉండేవాణ్ణి. బోధన్ పక్క పల్లె నుంచి వచ్చిన నాతో క్లాసులో ఎవరూ కలిసేవారు కాదు. గ్రీకు, లాటిన్ మూలాలు పట్టుకుంటే ఎంత పెద్ద ఇంగ్లీషు మాటైనా లొంగుతుందని మా ఇంగ్లీషు సారు చెప్పారు. 'టెలి' అంటే దూరం, 'ఫోన్' అంటే ధ్వని, 'మోనో' అంటే ఒంటరి. ఊళ్లో మా ఇంట్లో తీగకు గుచ్చి ఉంచిన, చక్కెర ఫ్యాక్టరీ ఇచ్చిన పాత చెరుకు కోత చీటీలు తెచ్చుకుని, వాటి వెనుక ఇవన్నీ రాసి, గోడకే అప్పజెప్పేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం తలుపు తీస్తే ఊరి నుంచి నాన్న, మా బాపు! నన్ను చూడ్డానికే వచ్చాడనుకుని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఈసారి కోత చీటీ గిట నీతోని వచ్చిందారా? చీటీ లేదని బండ్లను ఫ్యాక్టరీ గేటు కాడ ఆపిండ్రు. చెరుకు ఎండుతున్నది."

గబగబా చీటీల కట్ట విప్పాను. పాతవాటి మధ్య ఆ కొత్త చీటీ దొరికింది. దాని వెనుక 'మోనో' అని నా రాత.

బాపు తిట్టలేదు. దాన్ని జేబులో పెట్టుకుని, సంచిలోంచి ఇంకో కట్ట తీశాడు. ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చిన పాత చీటీలు.

"గివి పోయినేటియి బిడ్డా. మంచిగ రాసుకో. ఈడ మంచిగున్నవా?"

"మంచిగనే ఉన్న."

బాపు బస్సు కోసం పరుగెత్తాడు. ఒంటరికి గ్రీకు మాట నేర్చిన నాకు, "ఒక్కన్ని ఉండబుద్ధయితలేదు బాపూ" అనే తెలుగు మాట నోట రాలేదు.