అవ్వ తుంటిలో చప్పుడు

మా వైపు అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. మా అవ్వ తుంటి రెండుసార్లు మార్చారు. మొదటిసారి వానకు తడిసిన వాకిట్లో జారిపడి విరగ్గొట్టుకుంది. హైదరాబాద్‌లో కోసి, ఎముక బదులు ఇనుప బంతి, దానికో గిన్నె పెట్టి సిమెంటుతో అతికించారు. సిమెంటు అనగానే మా వీధిలో అందరూ నవ్వారు. నాలుగేళ్లకు ఆ సిమెంటే వదిలేసింది. రెండోసారి సిమెంటు లేకుండా లోహపు గిన్నెను స్క్రూలతో బిగించి, లోపల ప్లాస్టిక్ గిన్నె పెట్టి, దాంట్లో బంతి తిరిగేలా చేశారు. ఇవన్నీ డాక్టరును అడిగి తెలుసుకున్నాను. నాకు ఇనుముతోనే పని.

కరీంనగర్ జిల్లాలో మాది సాంచాల ఊరు. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. నేను వాటిని బాగుచేసేవాణ్ణి. స్క్రూడ్రైవర్ కొన సాంచెకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నానంటే లోపల ఏ బేరింగ్ పోయిందో, ఏ చక్రం పన్ను అరిగిందో విప్పకుండానే చెప్పేవాణ్ణి. ఆదిలాబాద్ పత్తి మిల్లుల నుంచి కూడా కబురు వచ్చేది. ఆ చెవి చూసుకుని నాకు పొగరు. ఎవరింట్లో పెళ్లికి పోయినా, పక్క వీధిలో మొరాయిస్తున్న సాంచె మీద తీర్పు చెప్పందే విస్తరి ముందు కూర్చునేవాణ్ణి కాదు.

రెండో ఆపరేషన్ అప్పుడు ఆస్పత్రిలో ఇరవై రోజులు అవ్వ దగ్గర నేనే ఉన్నాను. బాపు అప్పటికే లేడు. నా భార్య పచ్చి బాలెంత. బెడ్‌పాన్ పెట్టడం, తీయడం, తుడవడం, అన్నీ నేనే. అవ్వ సిగ్గుతో గోడవైపు తిరిగేది. నేను అసహ్యంతో కిటికీవైపు తిరిగేవాణ్ణి. నన్ను కన్నతల్లి. అయినా అసహ్యమే వేసింది. ఇంటికి జీపెక్కుతూ, మళ్లీ ఈ ఆస్పత్రి గుమ్మం తొక్కే పని పెట్టకు దేవుడా అని మొక్కుకున్నాను. ఆమె కోసం కాదు, నా కోసం.

మూడేళ్లు బాగానే గడిచాయి. అవ్వ కుర్చీలో కూర్చుని సాంచాలకు నూలు కండెలు చుట్టేది. నాలుగో ఏడు అవ్వ ఒకటే మాట మొదలుపెట్టింది.

"బిడ్డా, నడుస్తుంటే లోపల కరకర అంటున్నది. జర చూడరాదు?"

"ఊకె గదే ముచ్చటనా అవ్వా? ఫికర్ చేసుకుంట కూసుంటే లేని నొప్పి అస్తది."

రోజూ అదే మాట. రోజూ అదే జవాబు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. కరెంటు పోతే మా వీధిలో సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి, మనుషులంతా అరుగుల మీదికి వస్తారు. అవ్వ మళ్లీ అదే మాట ఎత్తుకుంది. పక్కింటాయన నవ్వుతూ అన్నాడు: "ఏందయ్యా, ఊరోళ్ల సాంచాలన్ని చూస్తవు, మీ అవ్వ సాంచె చూడవైతివి."

అందరూ నవ్వారు. నాకూ హుషారొచ్చింది. జేబులోని స్క్రూడ్రైవర్ తీసి అవ్వను నిలబెట్టి, చీర మీదుగా తుంటికి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. "నడువు అవ్వా" అన్నాను. ఆమె రెండడుగులు వేసింది. నేను వంగి వెంట నడిచాను. చూసేవాళ్లు పడీపడీ నవ్వుతున్నారు.

నాకు వినపడింది. స్పష్టంగా వినపడింది. ఇనుము మీద ఇనుము రాసుకునే చప్పుడు. మధ్యలో ఉండాల్సిన ప్లాస్టిక్ అరిగిపోతే తప్ప ఆ చప్పుడు రాదు. సాంచెలో అయితే ఆ క్షణమే మోటారు ఆపించేవాణ్ణి.

ఆ గోడ, ఆ కిటికీ, ఆ బెడ్‌పాన్ కళ్ల ముందు తిరిగాయి.

"ఏం లేదే అవ్వా. కొత్త సాంచె లెక్క నడుస్తున్నది" అన్నాను.

అవ్వ కూడా అందరితో పాటు నవ్వింది. "అయితే నాదే అనుమానం" అంది. ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. కుంటుతూనే తిరిగింది. నేను కుంటు చూడనట్టు తిరిగాను.

ఏడాదిన్నర గడిచాక ఒక పొద్దున ఆమె కుర్చీలోంచి లేవలేకపోయింది. తొడ మీద పిడికిలంత వాపు. మళ్లీ హైదరాబాదే. కోసిన తర్వాత డాక్టరు నన్ను పిలిచి ట్రే చూపించాడు. ప్లాస్టిక్ గిన్నె ఒక పక్క చిల్లుపడి ఉంది. దాని వెనక లోహం మీద గాడి పడింది. అరిగిన పొడి చుట్టూ కండకు పట్టి, పాత మోటారు నూనెలా నల్లబడిందట. ఎముకను తినేసిందట. ఇంకొకటి బిగించడానికి చోటు లేదని ఉన్నదంతా తీసేశారు. ఆ కాలు నాలుగు వేళ్ల మందం పొట్టిదైంది. ఆ గాడి లోతు చూస్తే అది ఎన్ని నెలలు రాసుకుందో నాకు తెలిసిపోయింది. అలాంటివి లెక్కగట్టడమే నా పని. మొదట్లోనే తీసుకొచ్చి ఉంటే లోపలి ప్లాస్టిక్ ఒక్కటి మారిస్తే సరిపోయేదేమోనని డాక్టరు నోటి నుంచే విన్నాను.

మర్నాడు ఆయన అవ్వ మంచం దగ్గరికి వచ్చాడు. "ఇంత ముదిరేదాకా ఎందుకు ఊరుకున్నావమ్మా? చప్పుడు రాలేదా?" అని అడిగాడు.

"అచ్చింది సారూ. నా కొడుకు చెవి పెట్టి చూసిండు. ఏం లేదన్నడు."

డాక్టరు నా వైపు తిరిగాడు. నేను తల వంచుకున్నాను. అవ్వ కంగారుపడి మంచం మీదినుంచే చెయ్యి ఎత్తింది.

"గాన్ని ఏమనకుండ్రి సారూ. వాని తప్పేం లేదు. మనిషి ఒళ్లు సాంచె కాదు గదా, గానికెట్ల ఇనవడ్తది?"

ఇనవడ్డది అవ్వా. ఆ ఒక్క మాట అప్పుడూ అనలేదు, ఆ తర్వాత ఆమె బతికిన ఆరేళ్లలోనూ అనలేదు.